ఖాళీ నావలో కూర్చున్న ప్రభువు

ధ్యానభాగము: లూకా 5:1–11



మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో సముద్రము లేదు. గద్వాలకు ఒక ప్రక్క కృష్ణ, మరియొక ప్రక్క తుంగభద్ర పారుచున్నవి. అందుచేతనే ఆ ప్రాంతమును నడిగడ్డ అని పిలుచుచున్నారు. కొల్లాపురము దగ్గర సోమశిల రేవున పడవలున్నవి. ఏటి యొడ్డు గ్రామములలో పుట్టి వేసికొని చేపలు పట్టువారున్నారు. అయినను మనలో ననేకులు సముద్రమును కన్నులార చూచినవారు కారు. ఇట్టి మన నోట, సముద్రము నడుమ చిక్కిన నావను గూర్చిన పాట యొకటి స్థిరముగా నిలిచిపోయినది. “నడిపించు నా నావ” అను ఆ పాటను ఎరుగని సంఘము మన ప్రాంతములో లేదనవచ్చును. ఆదివారపు ఆరాధనలో దానిని పాడుచున్నాము. ఇంటింటి ప్రార్థనలలో పాడుచున్నాము. భూస్థాపన కూడికలలో పాడుచున్నాము. సుగ్గికి, కట్టుబడి పనికి బయలుదేరు కుటుంబము మూటలు కట్టుకొని బండికొరకు కనిపెట్టుచున్నప్పుడును ఎవరో యొకరు దానిని ఎత్తుకొందురు.

ఈ నెల ఈ పాటను గూర్చియే మీతో మాటలాడవలెనని తలంచుచున్నాము. అది ఎట్లు వ్రాయబడినది, మనము దానిని ఎట్లు స్వీకరించితిమి అను రెండు సంగతులను వాక్యపు వెలుగులో చూతము. దీనికి కారణమైన యొక చిన్న సంగతిని మొదట చెప్పెదము.

గడచిన వేసవిలో మేము ఒక గ్రామమునకు ప్రార్థనకొరకు వెళ్లితిమి. ఆ గ్రామములో ఒక సహోదరుడు పూర్వము పాటల గుంపులో కంజీర వాయించుచుండెడివాడు. దసరా పండుగ తరువాత మేస్త్రీ యొద్ద అడ్వాన్సు తీసికొని, భార్యతో కూడ దూరపు పట్టణమునకు కట్టుబడి పనికి పోయెను. అక్కడ జబ్బుపడి రెండు నెలలు మంచమెక్కెను. పని చేయని దినములకు కూలి లేదు. తీసికొన్న అడ్వాన్సు అప్పుగా నిలిచెను. వట్టి చేతులతో ఇల్లు చేరెను. వచ్చినది మొదలుకొని గుడి గడప త్రొక్కలేదు. ఎవరైనను పిలిచినయెడల, పనియున్నదని చెప్పి తప్పించుకొనుచుండెను. అతని తల్లి వచ్చి, “అయ్యగారూ, ఒక్కసారి మా ఇంటికి వచ్చి ప్రార్థన చేసి పోన్రి” అని అడిగినందున ఆ రాత్రి వారి యింట కూడుకొంటిమి.

అప్పటికే ప్రొద్దుపోయెను. ఇంకను రెండు ఇండ్లు మిగిలియుండెను. కనుక “నడిపించు నా నావ” పాటలో మొదటి చరణమును, కడపటి చరణమును పాడి, బైబిలు తెరచితిమి. అంతవరకు గోడకు ఆనుకొని తల వంచుకొనియున్న ఆ సహోదరుడు తల యెత్తి, “నడుమ చరణాలు ఎందుకు ఇడిసిపెట్టిన్రు, అయ్యగారూ? నా ముచ్చట ఉన్నది ఆడనే గద!” అనెను.

ప్రియులారా, మాయొద్ద జవాబు లేకపోయెను. ఆ ఒక్క రాత్రియే కాదు, ఎన్నో ఏండ్లనుండి మేము ఆ నడిమి చరణములను విడిచిపెట్టుచున్నాము. సమయము చాలదని చెప్పుకొంటిమి. ఆ రాత్రి ఆ మాట విన్న తరువాత, ఆ చరణములలో ఏమున్నదో, మేము వాటిని ఎందుకు దాటిపోవుచున్నామో ఆలోచింపవలసివచ్చెను. ఆ ఆలోచనయే ఈ మాటలు.

పాట వ్రాయబడిన విధము

ఈ పాటను వ్రాసినవారు డాక్టరు ఎ. బి. మాసిలామణిగారు. వారు 1914లో జన్మించి 1990లో ప్రభువునందు నిద్రించిరి. 1874లో కెనడా దేశపు బాప్టిస్టులు కాకినాడలో సేవ నారంభించిరి. ఆ సేవవలన కోస్తా తీరమున ఏర్పడిన ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘములలో వారు బోధకులుగాను సువార్తికులుగాను పనిచేసిరి. “రండి సువార్త సునాదముతో” అని మనము పాడుకొను పాటయు వారిదే. సముద్రపు టొడ్డు సంఘములలో పుట్టిన కలమునకు నావ, తీరము, లోతు అనునవి దూరపు సంగతులు కావు.

మాసిలామణిగారికంటె ముందు ఈ త్రోవ వేసినవారున్నారు. పర్లాకిమిడి ప్రాంతమువాడైన పురుషోత్తము చౌదరిగారు 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో మరణించువరకు నూటికి పైగా తెలుగు కీర్తనలు వ్రాసిరి. పల్లవి, చరణము, రాగము, తాళము అని మన పెద్దలెరిగిన పద్ధతిలోనే క్రీస్తు నామము పాడవచ్చునని వారు చూపిరి. అక్షరము రాని మన తాతలు, అవ్వలు లాంతరు వెలుగులో కూర్చుండి, సువార్తికులయొద్దను బైబిలు స్త్రీలయొద్దను ఒక్కొక్క చరణముగా ఆ కీర్తనలను కంఠస్థము చేసిరి. చదువలేనివారికి ఆ పాటలే బైబిలు పాఠములాయెను. ఆ త్రోవలోనే మాసిలామణిగారి పాటయు నడచినది.

పాటను చెవితోనే పట్టుకొను జనులకొరకు వ్రాయువాడు ఎట్లు వ్రాయునో ఈ పాటలో కనబడును. ఒక చరణములోని పాదములు ఇంచుమించుగా అన్నియు ‘న’ అక్షరముతో ఎత్తుకొనును. మరియొక చరణము ‘ర’ అక్షరముతో నడచును. ఇంకొకటి ‘ప్ర’ అను అక్షరముతో, మరియొకటి ‘లో’ అను అక్షరముతో సాగును. పుస్తకము లేని అవ్వకు మొదటి అక్షరము తోచినయెడల మిగిలిన పాదము తానుగా నోటికి వచ్చును. కరెంటు పోయినను, పుస్తకము చిరిగినను, కన్నులు మసకబారినను ఆ పాట పోదు. ఇది పాండిత్యము చూపుటకు చేసిన పని కాదు. బీదవాని మూటలో విప్పిపోకుండ ముడివేసిన పని.

ఇంతకు ఆ మూటలో కట్టినదేమి? లూకా సువార్త అయిదవ అధ్యాయము. గెన్నేసరెతు సరస్సు తీరమున రెండు దోనెలున్నవి. జాలరులు దిగి వలలు కడుగుచున్నారు. రాత్రి యంతయు కష్టించిరి, ఒక్క చేపయు పడలేదు. యేసు ఆ రెండింటిలో సీమోను దోనె నెక్కి, కొంచెము లోపలికి త్రోయుమని వేడుకొని, అందులో కూర్చుండి జనులకు బోధించెను. తరువాత లోతునకు నడిపించి వలలు వేయుమని చెప్పెను. ఈ కథను పాటకాడు తన కథగా మార్చుకొనెను. ఓడిపోయి తీరమున నిలిచిన సీమోను స్థలములో తానే నిలిచి మాటలాడెను.

అయితే ఒక భేదమున్నది. దానిని మనము గమనింపవలెను. సీమోను వలలో చేపలు పడలేదు. పాటలో మాటలాడు మనుష్యునికి కరవైనది చేపలు కాదు. అతడు తన్నుతాను అప్పగించుకొనకయే ప్రభువు స్నేహమును ఆశించెను. తన్నుతాను ప్రేమించుకొనుచునే ప్రభువు ఐశ్వర్యమును వెదకెను. ప్రార్థన మానెను, వాక్యము విడిచెను, లోకములో వేషము వేయుటయందు నేర్పరియాయెను. ఇవన్నియు ఆ నడిమి చరణములలో ఉన్నవి. ఇవి త్రాగుబోతు పాపములు కావు, దొంగ పాపములు కావు. ఇవి గుడిలో కూర్చుండువాని పాపములు. ఇంకను చెప్పవలెనంటే, బల్లయొద్ద నిలిచి బోధించువాని పాపములు. అందుచేతనే, ప్రియులారా, మేము ఆ చరణములను త్వరత్వరగా దాటిపోవుచుంటిమేమో!

వనపర్తి ప్రాంతములో సరళాసాగరమున్నది. 1959లో పూర్తియైన ఆ జలాశయమునకు సైఫను పద్ధతిలో తూములు కట్టిరి. నీరు నిండు మట్టమునకు వచ్చినప్పుడు ఎవరును వచ్చి తలుపు లెత్తనక్కరలేదు. నీరు తానుగానే బయటికి దుముకును. మట్టము చేరకమునుపు ఎవరు వచ్చి కేకలు వేసినను చుక్క కదలదు. హృదయములో నిండినదే నోటివెంట వచ్చునని మన ప్రభువు చెప్పిన సంగతి (లూకా 6:45) అట్టిదే. దేవుని యెదుట తన కొరతను పూర్తిగా ఒప్పుకొన్న హృదయమునుండి పొరలిన పాట యెక్కడికైనను పారును. కోస్తాలో పుట్టిన బాప్టిస్టు బోధకుని పాట మెన్నోనైటువారి గుడులలోనికి, లూథరనువారి గుడులలోనికి, సి.ఎస్.ఐ. వారి గుడులలోనికి, నిన్న మొన్న వెలసిన ప్రార్థనా మందిరములలోనికిని ప్రవేశించెను. మన గద్వాల, మహబూబ్‌నగరు మిషను స్థానములు 1937లో అమెరికను బాప్టిస్టుల చేతులలోనుండి మెన్నోనైటు బ్రెదరెన్ వారి చేతులలోనికి వచ్చినవని పెద్దలెరుగుదురు. మిషనులు చేతులు మారెను, సరిహద్దులు మారెను, 2016లో జిల్లాలును మారెను. పాట మాత్రము ఏ సరిహద్దునొద్దను ఆగలేదు.

పాట స్వీకరింపబడిన విధము

మనము ఈ పాటను ప్రేమించితిమి, అందు సందేహము లేదు. కాని ఎట్లు ప్రేమించితిమి? తుపానులో నుండి క్షేమముగా ఒడ్డు చేర్చుమని అడుగు పాటగా ప్రేమించితిమి. అప్పు తీరవలెను, జబ్బు తగ్గవలెను, బిడ్డకు ఉద్యోగము రావలెను, బోరులో నీరు పడవలెను. ప్రభువా, నా నావను దాటించుము అని పాడితిమి. ఇట్లు అడుగుట తప్పు కాదు. అలలలో కేక వేసిన శిష్యులను ప్రభువు త్రోసివేయలేదు. అయితే పాట అడుగునది అంతకంటె పెద్ద సంగతి. నావను ఒడ్డునకు చేర్చుమని కాదు, లోతునకు తీసికొనిపొమ్మని అది అడుగుచున్నది. ఒడ్డు చేరుటకు చేసిన ప్రార్థన ఒడ్డు చేరగానే ముగియును. లోతునకు పోవుటకు చేసిన ప్రార్థన మనుష్యుని మార్చును.

ఈ భేదమును తెలిసికొనుటకు సముద్రమెరిగిన మరియొక పాటకాని జీవితమును చూడుడి. ఇంగ్లాండు దేశస్థుడైన జాను న్యూటను ఓడలలో పనిచేయువాడు. ఆఫ్రికా తీరమున మనుష్యులను కొని దాసులుగా అమ్ము వ్యాపారములో దిగినవాడు. 1748 మార్చి నెలలో అట్లాంటికు సముద్రమున గొప్ప తుపాను లేచి అతని ఓడ ప్రక్కలు పగులగొట్టెను. నీరు తోడి తోడి అలసిపోయి, ఆశ విడిచిన ఘడియలో అతడు దేవుని దయకొరకు మొఱ్ఱపెట్టెను. ఓడ మునుగలేదు, ఐర్లాండు తీరము చేరెను. ఆ దినమును అతడు బ్రదికినంతకాలము జ్ఞాపకము చేసికొనెను.

అయితే, ప్రియులారా, తరువాత జరిగినది వినుడి. తుపానులో దేవునికి మొఱ్ఱపెట్టిన ఆ మనుష్యుడు మరల దాసుల ఓడ లెక్కెను. అట్టి ఓడలకు నాయకుడుగా కూడ ఉండెను. 1754 వరకు ఆ పనిలోనే ఉండెను. పైని ప్రార్థన చేయుచుండెను, క్రింద సంకెళ్లు మ్రోగుచుండెను. ఓడ కొన్ని వారములలో ఒడ్డు చేరెను గాని ఆ మనుష్యుని హృదయము లోతునకు పోవుటకు ఏండ్లు పట్టెను. అతడు 1764లో బోధకుడై ఓల్నీ అను చిన్న ఊరిలో బీదలమధ్య సేవచేసెను. అక్కడ 1773 జనవరి 1వ తేదీ కూడికకొరకు, తనవంటి దౌర్భాగ్యునికి దొరికిన ఆశ్చర్యకరమైన కృపను గూర్చి ఒక కీర్తన సిద్ధపరచెను. అది 1779లో పుస్తకములో అచ్చుపడెను. ఇంకను 1788లో, తాను చేసిన దాసుల వ్యాపారములోని క్రూరత్వమును దాచకుండ, తన అవమానమును ఒప్పుకొనుచు, చిన్న పుస్తకము ప్రకటించెను. ఆ వ్యాపారమును నిషేధించు చట్టము 1807లో ఇంగ్లాండు పార్లమెంటులో నెగ్గెను. అదే సంవత్సరమున న్యూటను మరణించెను.

ఆ కీర్తనను ఇంగ్లాండులో మొదట అంతగా పట్టించుకొనలేదు. అది సముద్రము దాటి అమెరికా పల్లెలలో వేరూనెను. ఇప్పుడు లోకమంతట వినబడు రాగము దానికి 1835లో అక్కడనే జతపడెను. సేద్యము చేయువారు, నల్లజాతి సంఘములవారు, పల్లెపాటలు పాడు గాయకులు దానిని తమ సొంతము చేసికొనిరి. దాసుల ఓడ నడిపినవాడు వ్రాసిన పాటను దాసుల సంతానము కన్నీటితో పాడుటకంటె ఆశ్చర్యమేమున్నది! కాని ఇందుకు కారణము తుపాను తప్పించుకొనుట మాత్రమే కాదు. తాను గ్రుడ్డివాడనై యుంటినని ఆ మనుష్యుడు ఒప్పుకొనెను. నన్ను దాటించితివి అను పాట ఒక్కని పాటగానే ఉండును. నేను తప్పిపోతిని అను పాట అందరి పాట యగును; ఏలయనగా తప్పిపోనివాడు ఎవడును లేడు.

మన పాటయు ఇందువలననే మన పాటయాయెను. సముద్రము చూడని పాలమూరు జనులు దీనిలో తమ్మును తాము చూచుకొనిరి. నాగార్జునసాగరము మొదలుకొని దూరదేశపు ఆనకట్టలవరకు మట్టి మోసి రాళ్లు పగులగొట్టిన పాలమూరు కూలీలకు తెల్లవారులు కష్టించి వట్టి చేతులతో ఒడ్డుకు వచ్చుట యెట్టిదో ఎవరును వివరింపనక్కరలేదు.

వాక్యము మనకు నేర్పు సంగతులు

మొదటిది: ప్రభువు నిండిన దోనెను ఎన్నుకొనలేదు. ఆ ఉదయమున తీరమునందున్న రెండు దోనెలును ఖాళీవే. వలలు కడుగుచున్నారని లూకా వ్రాసెను. ఏటి యొడ్డు సహోదరులారా, మీరెరుగుదురు. చేపలు పడకపోయినను వలకు బురద అంటును, నాచు పట్టును. ఫలము లేని రాత్రియు కడుగవలసిన పని మిగిల్చును. ఓడిపోయి, అలసిపోయి, బురద కడుగుకొనుచున్న మనుష్యుని దోనెలో ప్రభువు కూర్చుండెను. ఇల్లు సర్దుకొని, అప్పు తీర్చి, మంచి బట్ట కట్టుకొని గుడికి వచ్చెదనని ఇంటిలో కూర్చున్న సహోదరుడా, ప్రభువు నీవు సర్దుకొనువరకు ఆగడు. నీ ఖాళీ దోనెయే ఆయన కడిగిన పీట.

రెండవది: ప్రభువు మొదట కొంచెము త్రోయుమనెను, తరువాత లోతునకు పొమ్మనెను. మనలో అనేకులము ఆ కొంచెముతోనే ఆగిపోయితిమి. ప్రభువును దోనెలో కూర్చుండబెట్టుకొంటిమి, ఆయన బోధ వింటిమి, తాడు మాత్రము ఒడ్డున గుంజకు కట్టియే ఉంచితిమి. తాడు విప్పుటయే నడిమి చరణముల పని. ప్రార్థన మానితినని ఒప్పుకొనుట తాడు విప్పుట. వాక్యము తెరచి ఎన్ని దినములైనదో లెక్క చెప్పుకొనుట తాడు విప్పుట. పదిమంది యెదుట భక్తిగల వేషము వేసితినని చెప్పుట తాడు విప్పుట. కట్టిన తాడు విప్పకుండ ఎంత తెడ్డు వేసినను దోనె అక్కడక్కడనే తిరుగును.

మూడవది: సీమోను ఓడిపోయినప్పుడు గాక, వలలు పిగులునట్లు చేపలు పడినప్పుడు ప్రభువు మోకాళ్లయొద్ద పడి, తాను పాపాత్ముడనని చెప్పెను. ఇది లోతైన సంగతి. లేమిలో దేవుని యెదుట ఏడ్చుట సులభము. కలిమిలో తన్ను తాను తెలిసికొనుట దుర్లభము. వాన కురిసి, పంట పండి, కుమారునికి ఉద్యోగము వచ్చిన సంవత్సరమున మనము ఈ పాటను పాడుచున్నామా? ఇప్పుడు నావ బాగుగనే నడచుచున్నది, ఈ పాట కష్టములో ఉన్నవారికని తలంచుచున్నామా? నిండిన వల యెదుట మోకరించినవానినే ప్రభువు మనుష్యులను పట్టువానిగా పిలిచెను.

నాలుగవది: రెండవ దోనెను మరువకుడి. వలలు పిగులుచుండగా సీమోను ఒంటరిగా లాగలేదు. వేరొక దోనెలోనున్న పాలివారికి సైగ చేసెను, వారు వచ్చి సహాయపడిరి. ఆ పాలివారెవరు? జెబెదయి కుమారులైన యాకోబు, యోహాను. ప్రభువు వారికి బోయనేర్గెసు, అనగా ఉరుము కుమారులని పేరు పెట్టెనని మార్కు 3:17లో చదువుచున్నాము. మన పాట వ్రాసిన మాసిలామణిగారి పూర్తి పేరు ఆబేలు బోయనేర్గెసు మాసిలామణి. సీమోను కేకకు అడ్డము వచ్చి తెడ్డు వేసినవారి పేరు గలవాడే సీమోను పాటను మనకిచ్చుట ఎంత తగియున్నది! ఏ నావయు ఒంటరిగా లోతునకు పోదు. సంఘమనగా ఏమి? సైగ చూచి వచ్చు రెండవ దోనెయే సంఘము.

ఆ రాత్రి ఆ యింట జరిగినదానిని ఇప్పుడు ముగించెదము. మేము బైబిలు మూసి, పాటను మొదటినుండి మరల ఎత్తుకొంటిమి. నడిమి చరణములలో ఒక్కటియు విడువలేదు. ఆ సహోదరుడును పాడెను. ప్రార్థన మానుటను గూర్చిన చోటికి వచ్చునప్పటికి అతని గొంతు ఆగిపోయెను. అతని ముసలి తల్లి, చదువు రానిది, అక్షరము తప్పకుండ అతనికి బదులుగా ఆ చరణమును పాడి ముగించెను. మాకును గొంతు పెగలలేదు. ఏలయనగా ఆ చరణము అతనిది మాత్రమే కాదు, మాది కూడ అయియుండెను. ఊరూర ప్రార్థన చేయించుచు తిరిగిన ఆ వారములలో మా సొంత ప్రార్థన యెట్లున్నదో ప్రభువే యెరుగును.

అటుతరువాత ఏదో అద్భుతము జరిగెనని మేము వ్రాయజాలము. అప్పు ఒక్క రాత్రిలో తీరలేదు. మరుసటి ఆదివారమున అతడు గుడికి రాలేదు. అయితే సంఘపెద్దలిద్దరు అతనితో కూడ మేస్త్రీ యొద్దకు వెళ్లి కూర్చుండి మాటలాడిరి. అప్పు వాయిదాలుగా తీర్చునట్లు ఒప్పుదల చేసికొనిరి. స్త్రీల సమాజమువారు తలకొక శేరు చొప్పున బియ్యము పోగుచేసి ఆ యింటికి పంపిరి. మూడవ ఆదివారమున అతడు వచ్చి కడపటి వరుసలో, చెప్పుల ప్రక్కన కూర్చుండెను. ఎవరును ఏమియు అడుగలేదు. కంజీర అతని చేతికి అందించిరి. అంతే. మేము చెప్పునది ఇంతే, ప్రియులారా: అతడు సైగ చేసినది పాటలోని ఒక చరణముద్వారా. మేము దానిని విడిచిపెట్టి వెళ్లియుంటే ఆ సైగ మాకు కనబడకపోయి యుండును.

కనుక ఈ నెల మన సంఘములన్నిటికి మూడు పనులు విన్నవించుకొనుచున్నాము. ఒకటి, ఈ పాటను పాడునప్పుడు అన్ని చరణములును పాడుడి. సమయము చాలనియెడల ప్రకటనలు తగ్గించుకొనుడి గాని ఒప్పుకోలును తగ్గింపకుడి. రెండు, మీ పిల్లలకు దీనిని కంఠస్థము చేయించుడి. ఫోనులో పాట మ్రోగుచున్నది, మైకులో వాద్యములు మ్రోగుచున్నవి, మంచిదే. కాని ఆసుపత్రి మంచముపైని, పరాయి ఊరి గుడిసెలో, కరెంటు లేని రాత్రి, హృదయములో ఉన్న పాటయే తోడు వచ్చును. మన అవ్వలు మనకిచ్చిన ఆస్తి అదే. అది మనతోనే ఆగిపోకూడదు. మూడు, మీ గుడిలో ఖాళీగా నున్న చోటును చూడుడి. అక్కడ కూర్చుండువారు ఎవరు? ఎన్ని వారములనుండి రాలేదు? వారి తప్పులు లెక్కించుటకు కాదు, వారి దోనెలో ఒక తెడ్డు వేయుటకు ఈ వారమే ఇద్దరు ఇద్దరుగా వెళ్లుడి.

మన నదులు వేసవిలో ఇసుకమేటలై పోవును, వానకాలమున ఒడ్లు ఒరసి పారును. మన జీవితములును అట్టివే. కొన్ని రాత్రులు వలలో ఏమియు పడదు. కొన్ని ఉదయములు వల పిగులును. రెండు కాలములలోను ఆ దోనెలో కూర్చుండువాడు ఒక్కడే. ఆయన మన ఖాళీని చూచి సిగ్గుపడలేదు. మన నింపుదలను చూచి మోసపోలేదు. ఒడ్డున కట్టిన తాడు విప్పుకొని ఆయన మాట చొప్పున బయలుదేరుదము.

ప్రార్థన: కరుణగల మా ప్రభువా, మా ఖాళీ దోనెలను నీవు అసహ్యపడలేదు గనుక నీకు స్తోత్రము. మేము విడిచిపెట్టిన చరణములను, దాచుకొన్న తప్పులను నీ యెదుట ఒప్పుకొనుచున్నాము. పరాయి ఊళ్లలో కష్టించు మా బిడ్డలను కాపాడుము. సిగ్గుచేత ఇంటిలో కూర్చున్నవారియొద్దకు మమ్మును పంపుము. ఒడ్డున కట్టిన మా తాళ్లను విప్పి, నీ మాట చొప్పున లోతునకు మమ్మును తీసికొనిపొమ్ము. నీ నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.